ఎన్ని మెయిళ్లొచ్చాయన్నది కాదు, ఏది ఎక్కడ ఆగిందన్నది

గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఆఫీసుల్లో నెలాఖరు రివ్యూ స్లైడ్లు తిరగేస్తే ఒక బార్ గ్రాఫ్ తరచూ తగులుతుంది. ఏ వారం టీమ్‌కి ఎన్ని మెయిళ్లు వచ్చాయి, ఎన్నింటికి జవాబు వెళ్లింది అని. వచ్చినవి వెయ్యి, జవాబిచ్చినవి తొమ్మిది వందలు ఉంటే అందరూ తలలూపి తర్వాతి స్లైడ్‌కి వెళ్తారు. మిగిలిన వందలో ఎనభై ‘థాంక్స్’, ‘ఎఫ్‌వైఐ’ బాపతు కావచ్చు. మిగతా ఇరవై మాత్రం, మూడు వారాలుగా ఒకే మనిషి అప్రూవల్ కోసం పడి ఉన్నవి కావచ్చు. ఆ గ్రాఫ్‌లో రెండు రకాలకీ తేడా లేదు.

మెయిళ్ల సంఖ్యను గీయడం సులువు, అందుకే అందరూ దాన్నే గీస్తారు. పని ఎక్కడ ఆగిందో గీయాలంటే ముందు డేటాను ఓపిగ్గా శుభ్రం చేసుకోవాలి, తర్వాత అడిగే ప్రశ్నకు తగిన బొమ్మను ఎంచుకోవాలి. పనిలో ఎక్కువ భాగం శుభ్రం చేయడమే.

హెడర్ ఉంటే చాలు

మెయిల్ లోపల ఏం రాశారో చదవాల్సిన అవసరం దాదాపు రాదు. ప్రతి మెయిల్‌కీ పైన హెడర్ ఉంటుంది: ఎవరు పంపారు, ఎవరికి, సీసీలో ఎవరు, ఎప్పుడు. మామూలుగా కంటికి కనిపించని వరుసలు ఇంకో మూడున్నాయి. మెసేజ్-ఐడీ ఆ ఒక్క మెయిల్‌కే చెందిన గుర్తు. ఇన్-రిప్లై-టు అది ఏ మెయిల్‌కి జవాబో చెబుతుంది. రెఫరెన్సెస్‌లో ఆ సంభాషణలోని అంతకుముందు మెయిళ్ల గుర్తులు వరసగా ఉంటాయి. మెయిల్ రూపం ఎలా ఉండాలో చెప్పే, 2008లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 5322 ప్రమాణంలో వీటికి స్పష్టమైన నిర్వచనాలున్నాయి కాబట్టి అవుట్‌లుక్ అయినా జీమెయిల్ అయినా వీటి అర్థం ఒకటే. ఎవరి తర్వాత ఎవరు, ఎంతసేపటికి స్పందించారో వీటితోనే తిరిగి కట్టవచ్చు. 2013లో ఎంఐటీ మీడియా ల్యాబ్ తెచ్చిన ‘ఇమ్మర్షన్’ అనే టూల్, పంపినవారు, అందుకున్నవారు, సీసీ, సమయం అనే నాలుగింటితోనే ఒక మనిషి పరిచయాల వలయాన్ని గీసి చూపించింది. సబ్జెక్ట్ లైన్ జోలికి కూడా పోలేదు.

చేయి తిరగడానికి సొంత ఆఫీసు మెయిళ్లే కావాలని లేదు. 2001 డిసెంబరులో దివాలా తీసిన అమెరికా ఇంధన కంపెనీ ఎన్‌రాన్‌లో సుమారు 150 మంది ఉద్యోగులకు చెందిన దాదాపు 5 లక్షల మెయిళ్లను దర్యాప్తులో భాగంగా అక్కడి ఇంధన నియంత్రణ సంస్థ బయటపెట్టింది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం సైట్‌లో ఉచితంగా దిగుతాయి. కాకపోతే వాటిలో జవాబు గుర్తులు దాదాపు లేవు కాబట్టి థ్రెడ్లు (ఒక మెయిల్, దాని జవాబుల వరస) కట్టడం నేర్చుకోవడానికి అవి పెద్దగా పనికిరావు.

బయటికి తీయడంలోని తిప్పలు

జీమెయిల్ వాడే ఆఫీసుల్లో అడ్మిన్ ఆపేయకపోతే గూగుల్ టేకౌట్ (సొంత డేటాను దించుకునే సదుపాయం) ద్వారా మెయిళ్లన్నీ ఒకేచోట ఉండే ఎంబాక్స్ ఫైల్ వస్తుంది. దాన్ని చదవడానికి పైథాన్ ప్రోగ్రామింగ్ భాషతో పాటే వచ్చే ‘మెయిల్‌బాక్స్’ మాడ్యూల్ సరిపోతుంది. ఒక్కో మెయిల్‌కి ఒక్కో వరుస చొప్పున మెసేజ్-ఐడీ, ఇన్-రిప్లై-టు, పంపినవారు, టు, సీసీ, సమయం, సబ్జెక్ట్ అని ఏడు కాలమ్‌లతో సీఎస్‌వీ (కామాలతో విడగొట్టిన పట్టిక ఫైల్) రాసుకోవాలి. తెలుగులో ఉన్న సబ్జెక్ట్‌లు ఎన్‌కోడ్ అయిన అక్షరాల గందరగోళంగా కనిపిస్తాయి, వాటిని డీకోడ్ చేసే ఫంక్షన్ కూడా పైథాన్‌లోనే ఉంది. అడ్రసులను కామా దగ్గర విడగొట్టడం చాలామంది చేసే పొరపాటు. ఇంటిపేరు, కామా, అసలు పేరు అనే పద్ధతి పాటించే కంపెనీల్లో ఒక్క మనిషి ఇద్దరుగా విడిపోతాడు. ఇందుకే ప్రత్యేకంగా ‘గెట్‌అడ్రసెస్’ అనే ఫంక్షన్ ఉంది, దాన్నే వాడాలి.

అవుట్‌లుక్‌లో ఇంకో వల ఉంది. ఫైల్ మెనూలోంచి సీఎస్‌వీగా ఎక్స్‌పోర్ట్ చేస్తే పంపినవారు, సబ్జెక్ట్, బాడీ అన్నీ వస్తాయి, తేదీ మాత్రం రాదు. అంతా పూర్తయ్యాక ఫైల్ తెరిచి చూస్తే తప్ప ఆ సంగతి బయటపడదు. తేదీ లేని మెయిల్‌తో ఇక్కడ చెప్పే ఏ బొమ్మా గీయలేం. దీనికి దారులు రెండు. ఎక్సెల్‌లో డేటా దించుకునే పవర్ క్వెరీలో, ఎక్స్ఛేంజ్ (మైక్రోసాఫ్ట్ మెయిల్ సర్వర్) కనెక్టర్‌తో నేరుగా లాక్కోవడం ఒకటి. అనుమతి దొరక్కపోతే, క్లాసిక్ అవుట్‌లుక్‌లో రీడింగ్ పేన్ మూసి, కావలసిన కాలమ్‌లు పెట్టుకుని, జాబితా మొత్తం సెలెక్ట్ చేసి ఎక్సెల్‌లో పేస్ట్ చేయడం రెండోది. రెండో దారిలో జవాబు గుర్తులు రావు, థ్రెడ్లను సబ్జెక్ట్‌తోనే కట్టాలి. ఆఫీసు లోపలి మనుషుల అడ్రస్ చోట కొన్నిసార్లు ఎక్స్ఛేంజ్ సొంత చిరునామా, స్లాష్‌లతో బారెడు పొడవున వస్తుంది. డైరెక్టరీ చూసి వాటిని మామూలు అడ్రసులుగా మార్చకపోతే ఒకే మనిషి రెండు చుక్కలై గ్రాఫ్‌లో కూర్చుంటాడు.

తర్వాత ఏరివేత. జిరా, జెన్‌కిన్స్, సర్వీస్‌నౌ లాంటి సాఫ్ట్‌వేర్‌లు తమంతట పంపే యంత్రం మెయిళ్లను ముందుగా పక్కకు తీయాలి. చాలావాటికి ఆటో-సబ్మిటెడ్ గానీ లిస్ట్-ఐడీ గానీ హెడర్ ఉంటుంది. మిగతావి ‘నోరిప్లై’ అడ్రసుల ద్వారా పట్టుబడతాయి. వీటిని చెరిపేయకుండా వేరే షీట్‌లో పెట్టడం మంచిది, ఎందుకంటే ఇన్‌బాక్స్‌లో మూడొంతులు ఇవేనని తేలితే అదొక ముఖ్యమైన సమాచారమే. మీటింగ్ పిలుపులు, వాటికొచ్చే ‘యాక్సెప్టెడ్’ జవాబులు కూడా మెయిళ్లలాగే కనిపిస్తాయి, వాటినీ తీసేయాలి. ఒకే మెయిల్ ఇద్దరి మెయిల్‌బాక్సుల్లో ఉంటే మెసేజ్-ఐడీ ఒకటే కాబట్టి ఒక ప్రతినే ఉంచాలి. మనిషిని గుర్తించడానికి పేరును ఎప్పుడూ నమ్మకూడదు, అడ్రసే ఆధారం. ఒక ఫ్లోర్‌లో ఐదుగురు శ్రీనివాస్‌లు ఉండే ఊరు ఇది.

అయిదున్నర గంటల లెక్క

హైదరాబాద్ మెయిల్ గ్రాఫ్‌లు ఎక్కువగా తప్పేది గడియారం దగ్గర. ఎక్స్‌పోర్ట్ అయిన సమయం చాలాసార్లు యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటుంది, మన సమయం దానికి 5 గంటల 30 నిమిషాలు ముందు. ముందే గంటలవారీగా మూటలు కట్టి, తర్వాత అయిదు గంటలు జరిపితే ప్రతి గడిలోనూ అరగంట తేడా ఉండిపోతుంది. ముందు సమయాన్ని మార్చి, ఆ తర్వాతే గంట, వారం తీయాలి. ఎక్సెల్‌లో రోజంటే 1 కాబట్టి 5.5ని 24తో భాగించగా వచ్చినదాన్ని కలిపితే సరి. ఇది మరిచిపోతే సోమవారం తెల్లవారుజామున ఒంటిగంటకు వెళ్లిన మెయిల్ ఆదివారం రాత్రి ఏడున్నర ఖాతాలో పడుతుంది, ‘టీమ్ ఆదివారాలు పనిచేస్తోంది’ అనే తప్పుడు కథ పుడుతుంది.

అమెరికా గడియారం ఏడాదికి రెండుసార్లు మారుతుంది: మార్చిలో రెండో ఆదివారం, నవంబరులో మొదటి ఆదివారం. న్యూయార్క్‌లో ఉదయం 9 అంటే ఇక్కడ వేసవిలో సాయంత్రం 6:30, శీతాకాలంలో 7:30. ఏడాది డేటానంతా ఒకే హీట్‌మ్యాప్‌లో (సంఖ్యను రంగు ముదురుతో చూపే గడుల బొమ్మలో) పోస్తే ఒక పదునైన గీతలా ఉండాల్సిన సాయంత్రపు రద్దీ రెండు గంటల మేర అలుక్కుపోతుంది. రెండు సీజన్లకు రెండు బొమ్మలు గీస్తే చాలు. రియాద్ క్లయింట్లున్న టీముల సంగతి వేరు: అక్కడ వారాంతం శుక్ర, శనివారాలు, గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక. వాళ్ల ఆదివారం మెయిళ్లు అత్యవసరాలు కావు, వాళ్లకది మామూలు పనిరోజే.

హెడర్‌లోని తేదీ పంపినవారి మెషీన్ చెప్పింది. ఆ గడియారం తప్పయితే ప్రశ్న కంటే ముందే జవాబు వచ్చినట్టు మైనస్ విలువలు కనిపిస్తాయి. అలాంటి వరుసలను నిశ్శబ్దంగా తీసేయకుండా, సొంత సర్వర్ వేసిన రిసీవ్డ్ ముద్రతో సరిచూడాలి.

వారం, గంట కలిపితే

ఏడు రోజులు, ఇరవై నాలుగు గంటలు, మొత్తం 168 గడులు. ఎక్సెల్ పివట్ టేబుల్, కలర్ స్కేల్ ఉంటే పది నిమిషాల పని. ఒకే రంగులో లేత నుంచి ముదురుకు వెళ్లాలి. ఎరుపు-ఆకుపచ్చ జోడీ వద్దు, వర్ణాంధత ఉన్నవాళ్లలో చాలామందికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. పైగా మెయిల్ ఎక్కువగా రావడం మంచో చెడో ముందే తీర్పు చెప్పినట్టవుతుంది. సోమవారం ఉదయం పది గంటల గడి మిగతా అన్నింటినీ మింగేస్తుంటే రంగులను సంఖ్యకు కాకుండా శాతాంశాలకు (నూటికి ఎన్ని గడులకన్నా ఎక్కువో చెప్పే స్థానాలకు) కట్టాలి. వచ్చినవీ పంపినవీ విడివిడిగా రెండు బొమ్మలు గీసి పక్కపక్కన పెడితేనే ఉపయోగం: మెయిళ్లు సాయంత్రం ఏడు తర్వాత వచ్చి, జవాబులు మర్నాడు పదకొండుకి వెళ్తుంటే ఆ పదహారు గంటల ఖాళీ షిఫ్టుల అమరికలోంచి వచ్చింది, మనుషుల బద్ధకంలోంచి కాదు.

హీట్‌మ్యాప్ సగటు వారాన్ని చూపుతుంది, మార్పును దాచేస్తుంది. దానికి విరుగుడు చుక్కల బొమ్మ: అడ్డంగా తేదీ, నిలువుగా రోజులోని సమయం, ప్రతి మెయిల్‌కీ ఒక చుక్క. శాస్త్రవేత్త స్టీఫెన్ వుల్‌ఫ్రమ్ 1989 నుంచి తాను పంపిన మెయిళ్లను 2012లో ఇలాగే గీసి ప్రచురించాడు. నిద్రవేళలు ఏళ్ల తరబడి ఎలా జరుగుతూ వచ్చాయో అందులో కంటికి కనిపిస్తుంది. ఆఫీసు డేటాలో అయితే కొత్త ప్రాజెక్ట్ మొదలైన వారం, రాత్రి చుక్కలు పెరిగిన నెల ఇట్టే తెలిసిపోతాయి. సెలవులను గీత గీసి చూపాలి. గణేశ్ నిమజ్జనం, బోనాలు, దసరా ఏటా తేదీలు మారతాయి కాబట్టి నిరుటి 38వ వారాన్ని ఈ ఏటి 38వ వారంతో పోల్చడం వృథా. అకౌంట్స్ విభాగానికి నెలనెలా 11, 20 తేదీల ముందు గుట్టలు లేస్తాయి, అవి జీఎస్టీ రిటర్నుల గడువులు.

జవాబు సమయం చెప్పే అబద్ధం

సగటు జవాబు సమయం అనే అంకెను చూడగానే అనుమానించాలి. 2015లో యాహూ ల్యాబ్స్ పరిశోధకులు పాల్గొన్న ఒక అధ్యయనం 20 లక్షల మంది మధ్య నడిచిన 1,600 కోట్ల మెయిళ్లను పరిశీలించింది. సగం జవాబులు 47 నిమిషాల్లోపే వెళ్లాయి, అత్యధికంగా కనిపించిన జవాబు సమయం 2 నిమిషాలు. అదే కట్టలో రోజులు పట్టినవీ ఉంటాయి. ఇంత సాగిన డేటాకు సగటు తీస్తే నాలుగు ముసలి మెయిళ్లు మొత్తం అంకెను లాక్కుపోతాయి. మధ్యగతం (సగం జవాబులు దానిలోపే వెళ్లే సమయం) చెప్పాలి, దాంతోపాటు 90వ శాతాంశం (నూటికి తొంభై దానిలోపే వెళ్లే సమయం) చెప్పాలి. అడ్డగీత మీద 1 నిమిషం, 10 నిమిషాలు, 1 గంట, 1 రోజు, 1 వారం అని లాగ్ స్కేల్‌లో (సమాన దూరానికి సమాన రెట్లు పెరిగే కొలతలో) గుర్తులు పెట్టాలి. మామూలు స్కేల్‌లో రోజులు వేస్తే అన్నీ మొదటి బార్‌లోనే ఇరుక్కుంటాయి.

అసలు లోపం ఇంకా లోతుగా ఉంది. జవాబు సమయం లెక్కకు వచ్చేది జవాబొచ్చిన మెయిళ్లకే. ఎన్నడూ జవాబు రాని మెయిల్ ఆ లెక్కలోకే రాదు. కష్టమైనవన్నీ పక్కన పెట్టి తేలికవాటికి అరగంటలో బదులిచ్చే టీమ్ గ్రాఫ్ అద్భుతంగా ఉంటుంది. వైద్య గణాంకాల్లో ఇదే చిక్కుకు 1958లోనే కాప్లాన్, మేయర్ విరుగుడు చూపారు: ఇంకా తేలనివాటిని పారేయకుండా ‘ఇప్పటివరకు ఇంతసేపు ఆగింది’ అని లెక్కలో ఉంచే వక్రరేఖ. మెయిళ్లకు గీస్తే అది పైనుంచి మెట్లుమెట్లుగా దిగుతుంది. నిలువు గీత మీద ఇంకా జవాబు రాని శాతం, అడ్డంగా గడిచిన సమయం. రేఖ 15 శాతం దగ్గర చదునుగా ఆగిపోతే, ఆ పదిహేను శాతానికి ఎదురుచూసినా లాభం లేదన్నమాట. పైథాన్‌లో ‘లైఫ్‌లైన్స్’ అనే ప్యాకేజీతో నాలుగు వరుసల్లో వస్తుంది.

పెండింగ్ వయసు

ఒకే ఒక్క బొమ్మ గీసే తీరిక ఉంటే ఇదే గీయాలి. రోజూ సాయంత్రం ఆరింటికి ఎన్ని మెయిళ్లు జవాబు కోసం ఆగి ఉన్నాయి, ఒక్కోటి ఎన్ని పనిరోజులుగా?

ముందు ‘ఆగి ఉంది’ అంటే ఏమిటో నియమం రాసుకోవాలి. పంపినది మనిషి, సదరు వ్యక్తి సీసీలో కాక టు వరుసలో ఉండటం, ఆ థ్రెడ్‌లో ఆ తర్వాత అతని నుంచి మెయిల్ లేకపోవడం. ఈ మూడూ కలిస్తే పెండింగ్. గత రెండు నెలల్లో ప్రతి పనిరోజుకీ ఈ జాబితా తీసి, వయసును నాలుగు మూటలు చేయాలి: 0-1 రోజు, 2-3, 4-7, 8 ఆపైన. వీటిని ఒకదాని మీద ఒకటి పేర్చిన ఏరియా గ్రాఫ్‌గా గీస్తూ అన్నిటికన్నా పాతవి అడుగున పెట్టాలి. ఇలాంటి గ్రాఫ్‌లో చదునైన నేల మీద నిలబడేది అడుగు పొర ఒక్కటే, కంటితో నమ్మకంగా కొలవగలిగేదీ అదే. ఆ పొర మందమవుతూ మొత్తం ఎత్తు మాత్రం మారకపోతే, కొత్తగా వచ్చే తేలిక మెయిళ్లు తేలిపోతున్నాయి, పాతవి అడుగున పేరుకుంటున్నాయి.

ఈ బొమ్మను సరిచూసుకోవడానికి జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ఉంది: సగటున క్యూలో ఉన్న సంఖ్య, రోజుకు వచ్చే సంఖ్యను సగటు నిరీక్షణతో గుణించినంత. రోజుకు జవాబు కావలసిన మెయిళ్లు 20 వస్తూ, ఎప్పుడు చూసినా 50 పెండింగ్‌లో ఉంటే సగటున ఒక్కోటి రెండున్నర రోజులు ఆగుతున్నట్టే. స్లైడ్ మీద మధ్యగతం 40 నిమిషాలని ఉన్నా సరే. క్యూ పెరగడమో తగ్గడమో లేకుండా నిలకడగా ఉన్నప్పుడే ఈ లెక్క చెల్లుతుందని గుర్తుంచుకోవాలి.

నియమం ఎక్కడ తప్పుతుంది? ‘నోటెడ్, థాంక్స్’ అనేది థ్రెడ్‌లో చివరి మెయిల్ అయితే అది పెండింగ్ కింద పడుతుంది. కొత్తగా రాసిన మాటలు పదికి తక్కువై, ప్రశ్నార్థకం లేని మెయిళ్లను వదిలేస్తే చాలావరకు పోతాయి. రెండో చిక్కు ఇంకా పెద్దది. జవాబు టీమ్స్ చాట్‌లోనో వాట్సాప్‌లోనో ఫోన్‌లోనో చాయ్ దగ్గరో అయిపోయి ఉంటుంది, మెయిల్‌లో మాత్రం థ్రెడ్ నోరు తెరుచుకునే ఉంటుంది. దీన్ని డేటాతో కనిపెట్టలేం. పెండింగ్ అని తేలినవాటిలోంచి యాభైని లాటరీ తీసినట్టు తీసి, సంబంధిత వ్యక్తితో కూర్చుని చూడాలి. పదీ పన్నెండు తప్పయితే గ్రాఫ్ వాడుకోవచ్చు. పాతిక తప్పయితే ఆ టీమ్ పని మెయిల్‌లో జరగడం లేదు, గ్రాఫ్ గీయడమే మానేయాలి.

ఒక్క థ్రెడ్‌ను విప్పితే

అడుగు పొరలోంచి ఒక మెయిల్‌ను తీసి దాని కథ చూడాలంటే వేరే బొమ్మ. ఐబీఎం పరిశోధకులు 2003లో ‘థ్రెడ్ ఆర్క్స్’ అని, మెయిళ్లను ఒక వరుసలో చుక్కలుగా పెట్టి జవాబులను విల్లులుగా కలిపే పద్ధతి చూపారు. ఆఫీసు అవసరానికి అంతకన్నా సాదాది మేలు: మనిషికొక అడ్డవరుస, మెయిల్‌కొక చుక్క, జవాబుకొక గీత. ఎవరి వరుసలో చుక్క పడటానికి ముందు పొడవాటి ఖాళీ ఉందో అక్కడే పని ఆగింది. ఇద్దరి మధ్య అరడజనుసార్లు జిగ్‌జాగ్ కనిపిస్తే మొదటి మెయిల్‌లో అడిగిందే స్పష్టంగా లేదు. సీసీలో మేనేజర్ పేరు మొదటిసారి చేరిన చుక్కను వేరే రంగులో చూపిస్తే, దాని తర్వాత ఖాళీలు తగ్గాయో లేదో వెంటనే తెలుస్తుంది.

ఆర్నెల్ల కిందటి మెయిల్ వెతికి, రిప్లై ఆల్ కొట్టి, కొత్త సంగతి రాసే అలవాటు ప్రతి ఆఫీసులోనూ ఉంది. అది రెండు వేర్వేరు పనులను ఒక థ్రెడ్ చేస్తుంది. మధ్యలో 30 రోజులు మించిన విరామం ఉన్నా, ఆర్ఈ, ఎఫ్‌డబ్ల్యూ తీసేశాక సబ్జెక్ట్ మారినా అక్కడ తెంచి కొత్త థ్రెడ్‌గా లెక్కించాలి.

వల బొమ్మ

ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో చూపే నెట్‌వర్క్ బొమ్మకు ఆకర్షణ ఎక్కువ, ఫలితం తక్కువ. గెఫీ అనే నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్‌లో ఫోర్స్‌అట్లాస్ అనే అమరిక పద్ధతిని నడిపితే రెండు నిమిషాల్లో అందమైన చిక్కుముడి తయారవుతుంది. అందులో ఎడమ, కుడి, పైన, కింద అన్నవాటికి అర్థం లేదు, మళ్లీ నడిపితే వేరే చోట తేలుతుంది. నలభై మందికి సీసీ పెట్టిన ఒక్క మెయిల్ నలభై గీతలు పుట్టిస్తుంది కాబట్టి, ప్రతి మెయిల్‌కీ మొత్తం బరువు 1 అనుకుని అందుకున్నవారి మధ్య పంచాలి. నలభై మందిలో ఒక్కొక్కరికీ 0.025 వస్తుంది, ఇద్దరి మధ్య నడిచిన మెయిల్‌కి పూర్తి 1. డిస్ట్రిబ్యూషన్ లిస్ట్ ఒక చుక్కలా కనిపించి వెనక రెండు వందల మందిని దాచేస్తుంది, దాన్ని తీసేయాలి. ఒకే మెయిల్‌బాక్స్ నుంచి గీసిన వలలో యజమాని మధ్యలో ఉండటం అనివార్యం, అదేదో గొప్ప కనుగోలు కాదు. అతణ్ణి తీసేసి చూస్తేనే మిగతా గుంపులు బయటపడతాయి.

ముప్పై నలభై మంది దాటితే వల వదిలేసి పట్టిక గీయడం నయం: వరుసల్లో పంపినవారు, కాలమ్‌లలో అందుకున్నవారు, ఒకే టీమ్ వాళ్లు పక్కపక్కన. టీమ్‌ల గడులు ముదురుగా కనిపిస్తాయి. రెండు టీమ్‌ల మధ్య ఒకే ఒక్క వరుస ముదురుగా ఉంటే ఆ మనిషి సెలవు పెట్టిన రోజున ఏమవుతుందో ముందే ఆలోచించుకోవచ్చు.

ఎవరు చూడాలి

ఇంతవరకు చెప్పిన ఏ బొమ్మనైనా పేర్లవారీగా ర్యాంకులు కట్టడానికి వాడొచ్చు, వాడితే డేటా నెల తిరక్కుండానే పాడవుతుంది. జవాబు సమయం అప్రైజల్‌లోకి వస్తుందని తెలిసిన రోజు నుంచి ‘నోటెడ్, విల్ రివర్ట్’ అనే మెయిళ్లు వెల్లువెత్తుతాయి, వక్రరేఖ అందంగా దిగుతుంది, పని మాత్రం అక్కడే ఉంటుంది. మైక్రోసాఫ్ట్ ‘ప్రొడక్టివిటీ స్కోర్’లో ఉద్యోగుల పేర్లు కనిపించడంపై గొడవ రేగితే 2020 డిసెంబరులో ఆ పేర్లను తీసేయాల్సి వచ్చింది. మన దగ్గర 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉద్యోగ అవసరాల కోసం డేటా వాడుకోవడాన్ని కొంతమేర అనుమతిస్తుంది. ఆ మాటను పట్టుకుని ప్రతి మెయిల్‌నూ తవ్వడానికి లైసెన్స్ దొరికిందనుకోవడం తొందరపాటు, హెచ్ఆర్, లీగల్ వాళ్ల అనుమతి రాతపూర్వకంగా ఉండాలి.

ఆచరణలో ఇలా చేయవచ్చు. ఎవరి మెయిల్‌బాక్స్ బొమ్మ వాళ్లకే కనిపించాలి. మేనేజర్‌కి టీమ్ మొత్తం పెండింగ్ వయసు చాలు, అయిదుగురికి తక్కువున్న గుంపును విడిగా చూపకూడదు. లెక్క పూర్తయ్యాక సబ్జెక్ట్ కాలమ్ చెరిపేయాలి, ఎందుకంటే ‘రిజైన్’, ‘మెడికల్ లీవ్’ లాంటి మాటలు ఉండేది అక్కడే. అడ్రసులను హ్యాష్ చేశాం (గుర్తుపట్టలేని సంకేతాలుగా మార్చాం) కాబట్టి ఎవరో తెలియదనే ధీమా ముప్పై మంది టీమ్‌లో చెల్లదు. రోజూ రాత్రి రెండింటికి మెయిల్ పంపేది ఎవరో ఆ చుక్కలు చూడగానే పక్క క్యూబికల్ వాళ్లు చెప్పేస్తారు.